మిషను పక్కన కుడికాలు

“ఆపకక్కా, తొక్కుతూనే ఉండు,” అంది మా చెల్లి, కుట్టుమిషను కింద నుంచి.

నేను తొక్కుతూనే ఉన్నాను. పైన గుడ్డ జరుగుతోంది, కింద పెడలు ఊగుతోంది, నా కుడికాలి పిక్క మీద చెల్లి రెండు వేళ్లు ఆనించి ఉన్నాయి. నా నైటీని మోకాలి దాకా ఎత్తి, జారిపోకుండా బట్టలారేసే క్లిప్పు పెట్టింది. నీలం స్కెచ్ పెన్ను చేతిలో, దాని మూత నోట్లో.

“ఇదిగో, మడమ లేచినప్పుడు వెనకది బిగుస్తోంది. వేళ్లు లేచినప్పుడు ముందుది బిగుస్తోంది. ఎంత బాగా తెలుస్తోందో. పుస్తకంలో ఇలా కదలదు కదా.”

“కదలదు. పుస్తకానికి చక్కిలిగింతలు కూడా ఉండవు. తొందరగా గీసెయ్యి,” అన్నాను.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి పిన్నిగారు వచ్చారు. పిన్నిగారంటే మాకు చుట్టం కాదు, పక్కవీధిలో ఉంటారు, వరస కలిపి పిలుచుకోవడమే. తమ్ముడి కూతురి పెళ్లికి పట్టుజాకెట్టు కుట్టమని నాకు ఇచ్చారు. అది ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చినావిడ, నా కాలు చూసి ఆగిపోయారు.

“ఏవమ్మా, కాలికేవైంది?”

“ఏం కాలేదండి. చెల్లి చదువుకుంటోందండి.”

“నీ కాలు పట్టుకునా?”

“ఆయ్. పరీక్ష కాలు మీదేనండి.”

ఆవిడ వంగి మిషను కిందకి చూశారు. చెల్లి మూత నోట్లోంచి తీసి “నమస్కారమండి” అంది. నా పిక్క మీద నీలం గీతలు, ఎర్ర గీతలు, మోకాలి పక్కన ఒక పసుపు గీత. ఆవిడ అవన్నీ చూసి, “బానే ఉందమ్మా, నా జాకెట్టు మీద మాత్రం గీయించకు,” అనేసి వెళ్లిపోయారు.

మా చెల్లి అమలాపురం దగ్గర కాలేజీలో డాక్టరు చదువు మొదటి ఏడు చదువుతోంది. మాది ముక్తేశ్వరం. రోజూ బస్సులో వెళ్లి వస్తుంది. నేను ఇంటర్ మధ్యలో ఆపేసినదాన్ని. ఎవరూ ఆపించలేదు, లెక్కలు నాకు పట్టలేదు, నేను లెక్కలకి పట్టలేదు. మిషను మాత్రం మొదటి రోజే పట్టేసింది. నాన్న మస్కట్‌లో పని. ఇంట్లో అమ్మ, నేను, చెల్లి, మిషను. మిషన్ని కూడా ఎందుకు లెక్క వేశానంటే, ఈ చదువులో దానికీ భాగం ఉంది.

చెల్లి మొదటిసారి శవాన్ని కోసే హాలుకి వెళ్లి వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. దానికంటే ముందు వాసన వచ్చింది ఇంట్లోకి. కళ్లు మండే మందు వాసన. అమ్మ దాన్ని గుమ్మంలోనే ఆపి, తెల్లకోటు విప్పించి, పెరట్లో తీగ మీద వెయ్యించి, తలస్నానం చేయించింది. భోజనాల దగ్గర అది నెమ్మదిగా చెప్పింది. ఆ రోజు ముందు ఏమీ కొయ్యలేదట. అందరినీ వరసగా నిలబెట్టి, చేతులు ముందుకి చాపించి, ప్రమాణం చేయించారట. మాకోసం శరీరం ఇచ్చినవాళ్లని గౌరవంగా చూస్తాం అని. వాళ్ల బల్ల మీద ఉన్నది ఒక పెద్దాయనట. పేరు చెప్పరట.

అమ్మ అన్నం కలుపుతూ విన్నది. ఆ సాయంత్రం మా ఇంటి ప్రార్థనలో నాన్న పేరు, ఊళ్లో జ్వరాలతో ఉన్నవాళ్ల పేర్లు చెప్పాక, “ప్రభువా, ఆ పెద్దాయన ఇంటివాళ్లకి ఆదరణ ఇవ్వు” అంది. అప్పటినుంచి రోజూ అంటుంది. నేను కళ్లు మూసుకునే, ఎలా ఉండేవారో ఆయన అని ఆలోచించుకునేదాన్ని. ఏ ఊరో, పొలం పనో, పడవ పనో, టీలో పంచదార ఎక్కువ వేసుకునేవారేమో.

ఇంత చేసిన మా అమ్మ, ఎముకల దగ్గర మాత్రం ఒప్పుకోలేదు. చెల్లి తోటివాళ్లంతా సీనియర్ల దగ్గర ఎముకల సెట్లు తెచ్చుకుని గదిలో పెట్టుకుని చదువుతారు. ఇది కూడా తెచ్చుకుంటానంది.

“వద్దు,” అంది అమ్మ.

“భయమా అమ్మా?”

“భయం దేనికే. ఎవరి బిడ్డో ఏమో. తెచ్చి మంచం కింద పడేసుకోవడానికి అదేవన్నా సామానా? అక్కడ చదువుకో. ఇంట్లో వద్దు.”

అలా ఇంట్లో ఉన్న కాళ్లూ చేతుల్లో ఖాళీగా దొరికేవి నావే అయ్యాయి. అమ్మవి ఒక చోట ఉండవు. చేతులప్పుడు బాగానే గడిచింది. సాయంత్రం పని అయ్యాక మంచం మీద చెయ్యి చాపి పడుకునేదాన్ని, అది భుజం నుంచి వేలి చివరి దాకా గీసుకుంటూ చదివేది. నాకు నిద్ర పట్టేది. లేచి చూసుకుంటే అరచెయ్యి నిండా ఊళ్లకి దారులు గీసినట్టు గీతలు. చేతుల పరీక్ష పాసైపోయింది. తర్వాత కాళ్లు మొదలయ్యాయి. అప్పటికి పెళ్లిళ్ల రోజులు వచ్చాయి, నాకు పడుకునే తీరిక లేదు. అందుకని అదే మిషను కిందకి దూరింది.

కాళ్ల చదువు నాకు భలే నచ్చింది. నాకు తెలిసినట్టే ఉండేది, తెలియనట్టూ ఉండేది. ఒకరోజు హుక్కులు కుట్టుకుంటూ నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్నాను. చెల్లి ఎదురుగా కూచుని నా తొడ మీద, తుంటి ఎముక దగ్గర నుంచి మోకాలి లోపలి వైపుకి ఏటవాలుగా వేలితో గీసింది.

“ఈ కండ పేరేంటో తెలుసా? సార్టోరియస్. లాటిన్‌లో దర్జీ అని. దర్జీవాళ్లు ఇలా కూచుంటారని పెట్టేరంట.”

“మా పేరా?”

“ఆయ్. నీదే.”

“మరి దర్జీ కాని వాళ్లకి ఉండదా?”

“అందరికీ ఉంటుందక్కా.”

“అయితే అందరూ మా దగ్గర అరువు తెచ్చుకున్నట్టే,” అన్నాను. అది నవ్వి నవ్వి స్కెచ్ పెన్ను నా నైటీ మీద పడేసింది. ఆ మరక ఇప్పటికీ ఉంది. పిన్నిగారు వచ్చినప్పుడు ఈ కండ సంగతి నేను మర్చిపోకుండా చెబుతాను.

మోకాలి కింద బయటి వైపు చిన్న బుడిపె ఉంటుంది. దాని కింద మెడలాంటి చోట ఒక నరం చర్మానికి దగ్గరగా చుట్టుకుని వెళుతుందట. అదే ఆ పసుపు గీత. అక్కడ గట్టిగా దెబ్బ తగిలితే పాదం పైకి లేవదట. అది చెప్పిన రోజు నుంచి మిషను బల్ల అంచుకి మోకాలు తగలకుండా జాగ్రత్తగా కూచుంటున్నాను.

కాళ్ల పరీక్ష రోజు పొద్దున్న చెల్లి హుషారుగా వెళ్లింది. సాయంత్రం వచ్చాక కోటు తీగ మీద వెయ్యలేదు. కోటుతోనే పెరటి మెట్టు మీద కూచుంది. అమ్మ కాఫీ ఇస్తే పక్కన పెట్టుకుంది, తాగలేదు.

నేను దాని పక్కన కూచున్నాను. కాఫీ మీద ఈగలు వాలకుండా చేత్తో విసురుతున్నాను.

“ముడుకు కింది ఎముక చేతికిచ్చేరక్కా,” అంది చివరికి. “ఇది ఏ వైపు కాలిది అన్నారు సారు. కుడి అన్నాను. మళ్లీ చూడమ్మా అన్నారు. కుడే అన్నాను. అన్నీ గడగడా చెప్పేసేను. ఏ కండ ఎక్కడ అంటుకుంటుంది, ఏ నరం ఎటు పోతుంది, అన్నీ.”

“చెప్పేవు కదా మరి.”

“అది ఎడమది. అన్నీ తిరగేసి చెప్పేను. లోపలివన్నీ బయట పెట్టేను.”

సారు తిట్టలేదట. ఎముక తీసుకుని బల్ల మీద పెట్టి, “వచ్చే వారం మళ్లీ రామ్మా” అన్నారట. ఆ రెండోసారి కూడా పోతే ఏడాది చివర పెద్ద పరీక్షకి కూచోనివ్వరట. తోటివాళ్లంతా రెండో ఏడుకి వెళ్లిపోతారు, ఇది కొత్తగా వచ్చేవాళ్లతో మళ్లీ మొదటి నుంచి. చెప్పి, కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, మళ్లీ పెట్టేసింది.

అమ్మ లోపలి నుంచి విన్నట్టుంది. గిన్నెల చప్పుడు ఆగింది.

దాన్ని లోపలికి తీసుకొచ్చాను. నాకు కంగారు వస్తే మిషను ఎక్కుతాను. గుడ్డ ముక్క ఒకటి పెట్టి ఊరికే కుడుతున్నాను. చెల్లి గోడకి ఆనుకుని కూచుని నా కాలు చూస్తోంది. చాలాసేపు చూసి, “అక్కా, నీ ఎడమకాలేది?” అంది.

“ఎక్కడికి పోతుందే? గోడ వైపుంది.”

“ఎప్పుడూ అటే ఉంటుందా?”

“మిషను ఇక్కడుంటే అటే ఉంటుంది మరి. కిటికీ వెలుగు ఇటు నుంచి కదా.”

అది లేచి వచ్చింది. మిషనుకీ గోడకీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. దాంట్లోకి వంగి చూసింది. నా ఎడమకాలి మీద ఒక్క గీత లేదు. అప్పుడు దానికి వెలిగింది. ఇంట్లో చదివిందంతా నా కుడికాలి మీద. కాలేజీలో వాళ్ల గుంపుకి వచ్చింది ఆ పెద్దాయన కుడివైపు. స్నేహితురాలి దగ్గర చూసే ఎముకల సెట్టు కూడా సగం సెట్టు, అందులో ఉన్నవీ కుడివే. దాని బుర్రలో మనిషికి ఎడమకాలే లేదు.

“అంటే నాకు ఒక్క కాలే వచ్చన్నమాట,” అంది.

“ఇంకోటి వారంలో నేర్చుకుందువుగాని,” అన్నాను. “అమ్మా, ఓసారి ఇటు రా, పట్టు.”

అమ్మా, నేనూ, చెల్లీ కలిసి మిషనుని గోడ దగ్గర నుంచి జరిపి హాలు మధ్యలో పెట్టాము. పాత ఇనప మిషను, ఊరికే జరగదు. అక్కడ నుంచి వారం పాటు వంటింట్లోకి పోవాలంటే దాని చుట్టూ తిరగాలి. అమ్మ కాలి చిటికెన వేలికి రోజూ తగిలేది. తగిలినప్పుడల్లా “ఇది ఏ కాలే?” అని చెల్లిని అడిగేది. అది తడుముకోకుండా చెప్పాలి.

కానీ నా కాలు చాలలేదు. కండలు పైనుంచి పట్టుకుంటే తెలుస్తాయి కానీ ఎముక ఏ వైపుదో తెలియాలంటే చేత్తో పట్టుకుని తిప్పి చూడాలట. చెల్లి ఆ మాట నాతో అంది, అమ్మతో అనలేదు. అమ్మ చీర మడత పెడుతూ వింది. ఆ సాయంత్రం ప్రార్థనలో పెద్దాయన ఇంటివాళ్ల గురించి చెప్పాక కొంచెం ఆగింది. మర్నాడు చెల్లి బస్సుకి బయల్దేరుతుంటే గుమ్మంలో, “కావలసినవి తెచ్చుకో. ఎక్కడ పెట్టాలో నేను చెబుతాను,” అంది.

అది ఒక సీనియర్ దగ్గర కుడివి, ఎడమవి రెండూ తెచ్చింది. తొడ ఎముకలు, కింది ఎముకలు. బియ్యం సంచిలో వేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. పక్కన కూచున్నావిడ మునక్కాడలా అని అడిగితే ఆయ్ అందట.

అమ్మ ఆ సంచి వంక చూసింది. “బియ్యం సంచిలోనా తెచ్చేవు?” అంది. బీరువాలోంచి తెల్ల దుప్పటి తీసింది. పాస్టరుగారు వచ్చినప్పుడు మంచం మీద వేసే దుప్పటి అది, మమ్మల్ని కూచోనివ్వదు దాని మీద. దాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచింది. చెల్లి ఎముకలు దాని మీద పక్కపక్కన పెట్టింది. నేను దగ్గరికి వెళ్లడానికి వెనకాడాను. అమ్మే ముందు చెయ్యి వేసింది.

“ఇంత తేలిగ్గా ఉందేవిటే,” అంది, తొడ ఎముక రెండు చేతులతో పట్టుకుని. “ఎంత దూరాలు తిరిగేరో ఈ కాళ్లతో.”

ఆ తర్వాత అమ్మే పరీక్ష సారు అయింది. చెల్లి కళ్లు మూసుకుంటే నేను ఒక ఎముక చేతిలో పెట్టేదాన్ని. అది తడుముకునేది. తల ఉన్న వైపు పైకి, ఆ తల లోపలికి చూస్తుంది, వంపు ముందుకి. కింది ఎముకైతే లావు వైపు పైకి, పదును అంచు ముందుకి, చీలమండ బుడిపె లోపలికి. అప్పుడు ఎడమ అనో కుడి అనో చెప్పేది. అమ్మకి జవాబు తెలియదు. అందుకని ఏది చెప్పినా ఒకటే అడిగేది.

“సరిగ్గా చూసే చెప్పేవా?”

“చూసేనమ్మా.”

“మళ్లీ చూడు.”

“కళ్లు మూసుకున్నానమ్మా.”

“అయితే తెరిచి చూడు.”

చెల్లి విసుక్కుంటూ తెరిచి, ఎముకని నా కాలికి ఆనించి చూసి, మళ్లీ చెప్పేది. మొదట్లో కొన్నిసార్లు మారేది. తర్వాత తర్వాత మారడం మానేసింది. అయినా అమ్మ అడగడం మానలేదు.

రెండోసారి పరీక్షకి వెళ్లిన రోజు అది చెప్పులు వేసుకుంటూ కూడా ఏ కాలిదో చూసుకుంది. అమ్మ బస్సు దాకా వెళ్లి వచ్చింది. నేను పిన్నిగారి జాకెట్టు ముందేసుకున్నాను. పెళ్లి దగ్గరకొచ్చేసింది, ఆవిడ పొద్దున్నే ఫోను చేశారు. ఒళ్లు కుట్టడం అయిపోయింది, చేతులు కుట్టి అతకాలి. కుడుతున్నాను కానీ మనసు అమలాపురంలో ఉంది. ఈపాటికి పిలిచుంటారు. ఈపాటికి ఎముక ఇచ్చుంటారు. ఫోను లోపలికి తీసుకెళ్లనివ్వరు కాబట్టి అది మోగదని తెలుసు, అయినా మిషను మీదే పెట్టుకున్నాను. అమ్మ చేపలు తోముతోంది, తోమినవే మళ్లీ తోముతోంది.

సాయంత్రం కాలవ గట్టు మీద నుంచి వచ్చేటప్పుడు దాని నడక చూసి పోల్చుకుందామనుకున్నాను. ఏమీ తెలియలేదు. మామూలుగానే నడుస్తోంది. కోటు తీసి తీగ మీద వేసింది. అప్పుడు నాకు గుండె కొంచెం కుదుటపడింది. లోపలికి వచ్చి మంచినీళ్లు తాగింది.

“ఏది ఇచ్చేరే?” అంది అమ్మ.

“తొడ ఎముక.”

“ఏ వైపుది?”

“వారమంతా ఎడమది ఇస్తారు, ఎడమది ఇస్తారు అనుకుంటూ వెళ్లేనా. చేతికి రాగానే ఎడమ అనెయ్యబోయేను. నోటి దాకా వచ్చేసింది. అప్పుడు నువ్వు అడిగినట్టు వినబడిందమ్మా, సరిగ్గా చూసే చెప్పేవా అని. ఆగి, తిప్పి, నా తొడకే ఆనించుకుని చూసేను. కుడిది.”

“అన్నావా?”

“అన్నాను. సారు నా మొహం చూసి, ఖాయమేనా అన్నారు ఇంగ్లీషులో. నాకు ఆయ్ అని వచ్చేసింది.”

“అయ్యో. కోప్పడ్డారా?”

“నవ్వేరు. అదే మాట ఇంగ్లీషులో చెప్పమన్నారు. తర్వాత మోకాలి పక్క నరం అడిగేరు. అక్కా, నీ పసుపు గీత. అంతా చెప్పేను. ఏ వైపువి ఆ వైపు పెట్టేను. పాసయ్యేనమ్మా.”

అమ్మ చేపల చెయ్యి పైకెత్తి, దాన్ని ముట్టుకోకుండా మోచేత్తో దగ్గరికి లాక్కుంది. నేను ఏడ్చాను. నేను తొందరగా ఏడుస్తాను, పెద్ద సంగతేం కాదు.

చెల్లి వచ్చి మిషను దగ్గర కూచుని, అతికించిన జాకెట్టు చేతిలోకి తీసుకుంది. ఒక చెయ్యి పట్టుకుని చూసింది. రెండోది పట్టుకుని చూసింది. మళ్లీ మొదటిది చూసింది.

“అక్కా, ఇది ఏ వైపుది?”

“కుడి.”

“మరి ఇది?”

చూశాను. చంక దగ్గర ముందు వైపు లోతు ఎక్కువ ఉండాలి, వెనక తక్కువ. రెండో చేతికి లోతు వెనక్కి పోయింది. లైనింగు తిప్పి వెయ్యాల్సింది, తిప్పకుండా వేసేశాను. పిన్నిగారి పట్టుజాకెట్టుకి రెండూ కుడిచేతులే.

“సరిగ్గా చూసే కుట్టేవా?” అంది అమ్మ వంటింట్లోంచి.

ఇక ముగ్గురం నవ్వడమే. చెల్లికి నవ్వితే ఎక్కిళ్లు వస్తాయి, అన్నం తినే దాకా తగ్గలేదు.

ప్రార్థన అయ్యాక అది, ఎముకలు రేపు తిరిగి ఇచ్చెయ్యాలి, ఇంకెవరో అడిగేరట అంది. అమ్మ బల్ల మీద దుప్పటి వంక చూసింది. తర్వాత తలుపు వెనక తగిలించిన బియ్యం సంచి వంక చూసింది. వెళ్లి పడుకుంది.

మర్నాడు పొద్దున్న చెల్లి తల దువ్వుకునేలోపు నేను లేచి మిషను ఎక్కాను. లైనింగు కోసం తెచ్చిన తెల్లగుడ్డలో పొడుగు ముక్క మిగిలింది. తొడ ఎముక టేపు పెట్టి కొలుచుకుని, దానికంటే జానెడు ఎక్కువ పెట్టి కత్తిరించాను. కింద రెండు కుట్లు వేశాను, బరువుకి విడిపోకుండా. పైన మడత కుట్టి తాడు దూర్చాను, లాగితే మూతి ముడుచుకునేలా. మిషను హాలు మధ్యలోనే ఉంది. రెండు వైపులా వెలుగు వస్తోంది. అమ్మ వచ్చి నిలబడి, గుడ్డ అంచు వేళ్లతో చూసి, దారం కొస కొరికి తెంపింది.

చెల్లి ఎముకలు ఒక్కొక్కటే ఆ కొత్త సంచిలో పెట్టింది, కుడివి ఒక పక్క, ఎడమవి ఒక పక్క. అమ్మ తాడు లాగి ముడి వేసింది. చెల్లిని బస్సెక్కించి వచ్చాక, పిన్నిగారి జాకెట్టు తీసుకుని ఎడమ వైపు చెయ్యి కుట్లు విప్పడానికి కూచున్నాను.